మద్దిచెట్టు కింద పంతొమ్మిది రోజులు

రత్నకుమారి పేరు వింటే ఫణీంద్రకు అన్నం సయించేది కాదు.

అతను మూడేళ్లుగా మారేడుమిల్లి అడవిలో డాక్టర్ హైమావతి దగ్గర పరిశోధన చేస్తున్నాడు. ఆకులు కుట్టి గూడు కట్టుకునే ఎర్రచీమలు అతని విషయం. ఏ చెట్టుకు ఎన్ని గూళ్లు, ఏ కొమ్మ మీద గంటకు ఎన్ని చీమలు నడుస్తాయి, అన్నీ అతని లెక్కల్లో ఉన్నాయి.

రత్నకుమారి పక్కనున్న కొండరెడ్ల ఊరి అమ్మాయి. హైమావతి గారి దగ్గర చేరి నాలుగు నెలలే. ఆ నాలుగు నెలల్లోనే ఒకటి కనిపెట్టింది. చీమల వరుసలో చీమలాగే నడిచే చిన్న సాలీడు ఒకటుంది. ముందుకాళ్లు రెండూ మీసాల్లా పైకెత్తి ఊపుకుంటూ వెళ్లి, చీమ నోట్లోని పిల్లపురుగును లాక్కుపోతుంది. చీమకు అనుమానం రాదు.

ఫణీంద్రకూ రాలేదు. మూడేళ్లూ దాన్ని చీమగానే లెక్కపెట్టాడు.

"ఇంకొన్నాళ్లు చూసి వ్యాసం రాద్దాం. ముందు రత్నకుమారి పేరు ఉంటుంది" అన్నారు హైమావతి గారు. ఫణీంద్ర నవ్వుతూ అందరికంటే ముందు అభినందించాడు. మర్నాటి నుంచి ఆ అమ్మాయి మీద కాపు కాయడం మొదలుపెట్టాడు.

మూడు వారాలు గడిచాక ఒక పొద్దున గురువు దగ్గరికి వెళ్లాడు. ఆవిడ శిబిరం వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"మేడం, చెప్పకూడదు గానీ, ఈ మూడు వారాల్లో ఆ సాలీడు దొంగతనం నలభై సార్లు చూశానని రాసింది రత్నకుమారి. మూడేళ్లలో నాకు ఒక్కసారీ కనబడలేదు. చూడకుండానే రాస్తోందని నా అనుమానం."

ఆవిడ చేతిలోని కాయ కింద పెట్టారు. వాళ్ల పనిలో అంతకన్నా పెద్ద నింద లేదు. నిజమైతే ఆ అమ్మాయి చదువు అక్కడితో సరి.

"ఆధారం ఉందా?"

"పంతొమ్మిది రోజులు చాటునుంచి చూశాను. అంతా రాసిపెట్టాను."

"చదువు."

ఫణీంద్ర నోటుపుస్తకం తెరిచాడు.

"పన్నెండో తారీకు. ఆరుంపావుకు మద్దిచెట్టు దగ్గరికి వచ్చింది. పదింటిదాకా కదల్లేదు. మెడ మీద చీమలు కుట్టినా దులుపుకోలేదు."

"ఊఁ."

"పదమూడు. ఆరుంపావు. వాన. గొడుగు తెచ్చింది. తను వేసుకోలేదు, గూటి మీద పట్టింది. పదకొండింటిదాకా."

"తర్వాత?"

"పద్నాలుగు. జ్వరంలా ఉంది. అయినా వచ్చింది. చెట్టుకు ఆనుకుని..." అతని గొంతు తగ్గింది.

"ఆగావేం? చదువు."

చదివాడు. పంతొమ్మిది రోజులూ చదివించారు. చివరి రోజుకు వచ్చేసరికి అతని మాట అతనికే సరిగ్గా వినబడలేదు.

"ఆ రోజుల్లో నీ చీమల లెక్కలు?"

"రాయలేదు మేడం."

ఆవిడ చెయ్యి చాపి పుస్తకం తీసుకున్నారు. కొంగుకు తడిచెయ్యి తుడుచుకుని, శిష్యుల పుస్తకాల్లో ఎప్పుడూ చేసినట్టే ప్రతి పేజీ కిందా తేదీ వేసి సంతకం పెట్టారు.

"వ్యాసానికి ఇది జత చేద్దాం. ఆ అమ్మాయి చూసిందనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం మనకెక్కడ దొరుకుతుంది? సాక్షిగా నీ పేరు వెయ్యనా?"

ఫణీంద్ర తల వంచుకున్నాడు. "వద్దు మేడం. చింపేస్తాను."

"చింపకు. నువ్వు రాసినవన్నీ చదివాను. ఒక ప్రాణిని నువ్వు ఇంత బాగా చూడడం ఇదే మొదటిసారి."

ఆవిడ మళ్లీ చిక్కుడుకాయ అందుకున్నారు.

అతను అడవిలోకి నడిచాడు. మద్దిచెట్టు కింద రత్నకుమారి గొంతుక్కూర్చుని ఉంది. చాటుకు వెళ్లకుండా నేరుగా ఆమె దగ్గరికి వెళ్లాడు.

"రత్నా, నీ గురించి మేడంతో ఒక మాట అన్నాను. అది..."

ఆమె ఆకు మీంచి చూపు తిప్పలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది.

"తర్వాత చెబుదువుగానీ అన్నా. ఇప్పుడిక్కడ చూడు."

అతను కూర్చుని చూశాడు.