తిప్పమ్మ బండ మీద గాడి పడిన కథ

ముదిగుంట్ల ఊరు దాటి వంక వెంబడి అరమైలు నడిస్తే, బోడిగుట్ట వాలులో సాన తిప్పమ్మ స్థలం వస్తుంది. గోపురం కోసం తలెత్తి వెతికే భక్తులకు ముందే మనవి చేస్తున్నాం, ఇక్కడ గోపురం లేదు. విగ్రహమూ లేదు. మంచం వెడల్పున ఎర్రటి ఇసుకరాతి బండ ఒకటి ఉంది. దాని నడుమ మూరెడు పొడవున, బెత్తెడు లోతున ఒక గాడి ఉంది. పసుపూ కుంకుమా ఆ గాడికే పెడతారు. దానికి వెండి తొడుగు చేయిస్తామని పట్నం దాతలు రెండుమూడుసార్లు అడిగారు. వెండి మీద నూరితే కత్తికి ఏపాటి పదును వస్తుందో వారే చెప్పాలని మా పెద్దలు మర్యాదగానే అడిగి పంపించారు. ఈ ఆవరణలో మేకను కాదు గదా, నిమ్మకాయనైనా కోయరాదు.

పూర్వం ఇక్కడ బాట కూడా లేదు. తిప్పక్క అనే వితంతువు ఈ బండ మీద కూర్చుని ఊరివాళ్ల కత్తులూ కొడవళ్లూ నూరేది. ఆ పని తండ్రి దగ్గర నేర్చుకుంది. చెంబెడు నీళ్లు, గుప్పెడు సన్న ఇసుక, ఈ బండ, ఇంతకు మించి ఆమెకు పనిముట్లు లేవు. కత్తిని ఏటవాలుగా ఆనించి, ముందుకు తోసేటప్పుడు బరువు వేసి, వెనక్కి లాగేటప్పుడు చెయ్యి వదులు చేసేది. చివరికి బొటనవేలి గోరు మీద అంచు పెట్టి చూసేది. అంచు జారితే ఇంకా నూరాలి, గోరును పట్టుకుని నిలిస్తే పదును వచ్చినట్టు. నూరిన కత్తిని ఆమె ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. నేల మీద పెట్టేది, తెచ్చినవాళ్లు తీసుకునేవారు. కత్తి చేతి నుంచి చేతికి మారితే పగ పుడుతుందని మన ఇళ్లలో నేటికీ అంటారు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. గుట్ట మీద గడ్డి మాడిపోయి, తుమ్మకొమ్మలు నరికి వేస్తే తప్ప గొర్రెలు బతకని రోజులు వచ్చాయి. ఉరుకుందప్ప అనే కాపరి ఒక ఉదయం కొమ్మలు నరికే తన మచ్చుకత్తిని తిప్పక్క దగ్గర నూరించుకున్నాడు. మంద ముందుకు పోతోందని నిలబడిన చోట నిలబడక తొందర పెట్టాడు. ఆ తొందరలో ఆమె కత్తిని అతని చేతిలోనే పెట్టింది.

మధ్యాహ్నానికి గుట్ట వెనక, ఆకు మిగిలిన ఒకే ఒక్క తుమ్మచెట్టు దగ్గర, ఉరుకుందప్పకూ తిప్పక్క కొడుకు గాదిలింగకూ మాటా మాటా పెరిగింది. గాదిలింగ ఆమెకు ఒక్కడే కొడుకు, ఇరవై ఏళ్లు నిండలేదు. అతనివీ ఆకలి గొర్రెలే. కొమ్మ మీద పడవలసిన వేటు అతని మీద పడింది.

శవాన్నీ కత్తినీ కలిపి తెచ్చి తల్లి ముందు దించారు. ఆమె ముందు కొడుకు ముఖం చూసింది, తరువాత కత్తి అంచు చూసింది. ఎముక తగిలిన చోట పోయినా, మిగతాది పొద్దున తాను పెట్టిన పదునే. చేతికి ఇచ్చినందుకే ఇంత జరిగిందా అంటే మేము చెప్పలేం. ఆమె మాత్రం పోయేదాకా అదే నమ్మింది. అలాంటి దుఃఖం పగవారికి కూడా వద్దు.

పారిపోయిన ఉరుకుందప్పను మూడోనాడు పట్టి తెచ్చారు. ప్రాణానికి ప్రాణం అన్నది ఆనాటి కట్టుబాటు, వేటు వేసే హక్కు తల్లిదే అన్నారు పెద్దలు. ఎముక తగిలి కత్తి అంచు పోయిందని, నూరుకుని చెబుతానని తిప్పక్క అంది. అంతవరకు అతను పొలిమేర దాటరాదని కట్టడి చేశారు.

ఇతర క్షేత్రాల కథల్లో ఈపాటికి ఏ దేవతో కలలో కనిపించి దారి చూపుతుంది. తిప్పక్కకు ఏ దేవతా కనిపించలేదు. కొడుకైనా కలలోకి వస్తాడని ఎదురుచూసింది, వాడూ రాలేదు. పొద్దు పొడిచింది మొదలు సందెవేళ దాకా రాతి మీద ఇనుము రాచుకునే చప్పుడు ఊరంతటికీ వినబడేది. ఉరుకుందప్ప భార్య చెవులు మూసుకుని గోడవైపు తిరిగి కూర్చునేది. పెద్దలు వారానికొకసారి వచ్చి పదును వచ్చిందా అని అడిగేవారు. తిప్పక్క గోరు మీద చూసి, ఇంకా రాలేదనేది. మొదట ఆమె చంపాలనే నూరింది, అందులో దాపరికం లేదు. కానీ పదును వచ్చిన ప్రతిసారీ చెయ్యి లేచేది కాదు. లేవనందుకు కన్నకొడుక్కి ద్రోహం చేస్తున్నానని ఏడ్చేది, మళ్లీ నూరేది. నాలుగు నెలలకు బండ మీద గాడి పడింది. అరచేయంత వెడల్పు కత్తి రెండు వేళ్ల వెడల్పుకు వచ్చింది.

ఉరుకుందప్ప తిండి మానేశాడు. ఒక ఉదయం ఎవరూ పిలవకుండానే వచ్చి, బండ పక్కన మెడ వంచి కూర్చున్నాడు.

“అక్కా, ఇంగ నా చేత గాదు. వచ్చిన పదును చాలు, కానిచ్చెయ్” అన్నాడు.

తిప్పక్క ఆ మెడవైపు చూసి, కత్తిని మళ్లీ బండకు ఆనించిందట.

“రాయి ఎండిపాయె. నీళ్లు పొయ్” అంది.

అతను చెంబు అందుకుని పోశాడు, ఆమె నూరింది. మరునాడూ వచ్చాడు, ఆ మరునాడూ వచ్చాడు. పెద్దలు అడగడం మానేశారు. కత్తి సన్నబడి, సన్నబడి, పిడి దగ్గర గడ్డిపోచ అంత ఇనుము మిగిలింది. చివరికి అదీ అరిగి ఇసుకలో కలిసింది. తిప్పక్క ఉత్త పిడిని అతని ముందు నేల మీద పెట్టింది.

“నా కోపం పోలేదప్పా. కత్తే అయిపోయింది. ఇంటికి పో” అంది.

ఆ తరువాత ఆమె అతనితో ఒక్క మాటా మాట్లాడలేదు. ఊరి కత్తులు నూరుతూనే ముసలిదైంది. అతను రోజూ చెంబెడు నీళ్లు తెచ్చి బండ దగ్గర పెట్టి పోయేవాడు, ఆమె ఆ నీళ్లే వాడేది. ఆమె పోయాక తిప్పమ్మ అని మొదట చేతులు జోడించింది అతనేనని చెబుతారు.

నేటికీ జొన్నకోతలకు ముందు వచ్చే మంగళవారం చుట్టుపక్కల ఊళ్లవారు కత్తులూ కొడవళ్లూ తెచ్చి ఈ గాడిలో నూరుకుంటారు. నూరేవారికి నీళ్లు మాత్రం వారితో మాటలు లేనివారే పోయాలి. కొందరు పగలేని పక్కింటివాణ్ణి బతిమాలి తెచ్చుకుంటారు, అమ్మకు తెలియదనుకుంటారు కాబోలు. పిలిచినా అవతలివారు రాకపోతే కత్తిని మొద్దుగానే ఇంటికి తీసుకుపోవాలి. అలా తిరిగిపోయేవారు ప్రతి ఏడూ ఉంటారు. ఇక్కడ నూరిన కత్తి మనిషి మీదికి లేవదని, కోతలో చెయ్యి తెగదని, తెగిన మాట ఎప్పటికైనా అతుకుతుందని భక్తుల నమ్మకం.

ఆ రోజు తొలి చెంబు ఉరుకుందప్ప వంశంవారిది. ఎదుట కూర్చుని నూరడానికి తిప్పమ్మ వంశంలో ఎవరూ లేరు. అందుచేత వారు ఆ నీళ్లను ఉత్త గాడిలోనే పోసి, మెడ వంచి పక్కన కూర్చుంటారు. ఆ నీళ్లు ఆరేవరకు ఎవరూ కత్తి బయటికి తీయరు.