తాళం తీయకుండా పోయిన కర్పూరం

కోనవరం రాజు మల్లభూపతికి ఒకనాడు ఒక కోరిక పుట్టింది. యువరాజు పెళ్లి తాంబూలాల కోసం ఓడలో తెప్పించిన పచ్చకర్పూరం కొట్టులో జాడీలో పడి ఉండటమేమిటి, సభకు వచ్చినవాళ్లు చూసి మురిసిపోవద్దా అన్నాడు.

భాండాగారం అధికారి కొండుభట్టు ఆ మాట కిందపడకుండా అందుకున్నాడు. మైనంతో మూత బిగించిన జాడీ తెరిపించాడు. చుట్టూ జాలీ ఉన్న వెండి పెట్టె చేయించి, కర్పూరం పలుకులు అందులో పోసి, సభలోనే పెట్టించాడు. మెప్పు తాను పుచ్చుకుని, తాళంచెవి మాత్రం తాంబూలాలు చుట్టే ఓబమ్మ చేతిలో పెట్టాడు. పెళ్లి దాకా పెట్టె తెరవకూడదని ఆజ్ఞ.

నెల తిరిగేసరికి కర్పూరం సగమైంది. తాళం తీయనే లేదని ఓబమ్మ మొత్తుకుంది. కొండుభట్టు ఎందుకు వింటాడు?

“ప్రభూ, నెయ్యి కరిగితే జిడ్డు మిగులుతుంది. వడగళ్లు కరిగితే నీళ్లు మిగులుతాయి. పెట్టె అడుగున చుక్క తడి లేదు. కరగని సరుకు ఎలా పోతుంది? చెయ్యి పడితేనే పోతుంది.”

సభంతా తలూపింది. ఓబమ్మ కోట విడిచి పోవాలని రాజు తీర్పు చెప్పాడు. ఇరవై ఏళ్లుగా రాజుగారికి ఆకులు చుట్టిన మనిషి కొంగుతో కళ్లొత్తుకుంటుంటే, సభలో అర్జీలు చదివే బయ్యన చూస్తూ ఊరుకోలేకపోయాడు. లేచి వారం గడువు అడిగాడు. మిగిలిన కర్పూరాన్ని తాళం వేసిన పెట్టెతో సహా తూయించి, తాళంచెవి నమ్మకస్తుడి దగ్గర ఉంచమన్నాడు.

“అంత నమ్మకస్తుడు ఎవరయ్యా?” అన్నాడు రాజు.

“కొండుభట్టుగారు ఉండగా ఇంకొకరెందుకు ప్రభూ?”

కొండుభట్టు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. తాళంచెవి మొలకు కట్టుకున్నాడు. పెట్టెను తన ఆసనం పక్కకే జరిపించుకున్నాడు. తన కాపలాలో ఒక్క పలుకు తగ్గినా ఓబమ్మకు వేసిన శిక్ష తనకే వేయమని అడగకుండానే చెప్పాడు. అసలే మండు వేసవి. ఆ ఘుమఘుమ పీలుస్తూ వారం రోజులు దర్జాగా కూర్చున్నాడు.

వారం తర్వాత తాళం తీయకుండానే పెట్టెను అవే రాళ్లతో మళ్లీ తూచారు. పెట్టె ఉన్న తట్ట పైకి లేచింది.

“భట్టుగారూ, తాళంచెవి మీ మొలనే ఉంది కదా. ఎప్పుడు తీశారు?” బయ్యన జాలిగా అడిగాడు.

కొండుభట్టు మొలనున్న తాళంచెవి తడుముకున్నాడు. “నేను ముట్టుకోలేదు ప్రభూ. అది దానంతటదే పోయింది. కరక్కుండానే, తడి కాకుండానే, గట్టిగా ఉన్నది ఉన్నట్టే గాలైపోయింది.”

“ఆ మాట మీ నోట వినాలనే వారం ఆగాను,” అన్నాడు బయ్యన.

రాజు ఒప్పుకోలేదు. గాలైపోతే ఆ గాలి ఎక్కడుందో చూపించమన్నాడు. బయ్యన ఆయన్ని కళ్లు మూసుకోమని, భట్టుగారి పక్కనున్న పెట్టెలో ఏముందో చెప్పమన్నాడు.

“కర్పూరం. ఇక్కడిదాకా వాసన కొడుతుంటే తెలియదా?”

“పెట్టెకు తాళం వేసే ఉంది ప్రభూ. మీ దాకా వచ్చిందే పోయిన సరుకు. సోదా చేయాల్సింది ఓబమ్మ కొంగు కాదు, మన ముక్కులు. వారంగా పక్కనే కూర్చున్న భట్టుగారి ముక్కుతో మొదలుపెడదాం.”

కొండుభట్టు చెయ్యి తనకు తెలియకుండానే ముక్కు మీదికి పోయింది. అది చూసి రాజు విరగబడి నవ్వాడు. ఆ వెంటే సభ నవ్వింది, కన్నీళ్లు తుడుచుకుంటూ ఓబమ్మ కూడా నవ్వింది.

కర్పూరం మళ్లీ మైనం మూత జాడీలోకి, ఆ జాడీ ఓబమ్మ చేతికి వెళ్లాయి. ఓబమ్మ చుట్టిన కప్పురపు విడేన్ని రాజు స్వయంగా బయ్యనకు అందించాడు. అందరికీ దక్కే గౌరవం కాదది. బయ్యన దాన్ని కళ్లకద్దుకుని వెంటనే బుగ్గన పెట్టుకున్నాడు.

“ఇంటికి తీసుకెళ్లి మీ ఆవిడకు చూపించుకోవా?”

“దారిలో ఆవిరైపోతే మా ఆవిడ నన్నే దొంగంటుంది ప్రభూ.”

రాజు మరింత నవ్వి, ఓబమ్మను ఇంకొకటి చుట్టి, ఈసారి మూత ఉన్న బంగారు భరిణెలో పెట్టి ఇమ్మన్నాడు.