తీతువు నోరు మూయించిన చుక్కమేక

నేను ఇంతకు ముందు ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. గొర్రెల దగ్గర కూర్చున్నప్పుడు మనసులో అల్లుకున్న కథ ఇది. నలుగురిలో చెప్పాలంటే నాకు గొంతు పెగలదు, అందుకే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

కొండ కింద ఓబులమ్మ అనే ఆవిడకి కొంచెం మెట్ట చేను, ఒక దొడ్డి ఉండేవి. దొడ్డిలో మేకలు, గొర్రెలు, ఒక ముసలి ఎద్దు, బండి కింద పడుకునే ఒక కుక్క. దొడ్డి చుట్టూ ముళ్ళకంప కంచె. ఏటా ఎండాకాలంలో ఆ కంప ఎండి, చెదలు పట్టి, అక్కడక్కడా కూలిపోతుంది. వానలు పడే లోపల కొత్త కంప కొట్టుకొచ్చి సందులు పూడ్చుకోవాలి. ఆ లోపలే చేనికి చెరువుమట్టి తోలుకోవాలి, రాళ్ళు ఏరుకోవాలి. ఒక్క మనిషి ఎన్నని చేస్తుంది? ఆ ఏడు పడమటి మూల సందు అలాగే ఉండిపోయింది.

ఎండాకాలం అంటే దొడ్డిలో అందరికీ గుండెల్లో దడే. కొండ మీద మడుగులు ఎండిపోతే చిరుతపులి నీళ్ళ కోసం కిందికి దిగుతుంది. దాని పేరు కూడా ఎవరూ పలికేవాళ్ళు కాదు. "అది" అనేవాళ్ళు. "అది దిగిందంట" అంటే చాలు, నెమరు వేసే నోళ్ళు ఆగిపోయేవి.

చుక్కమేకకి ఆ ఏడు ఒక్కటే పిల్ల. ముందు ఈతలో పుట్టింది బతకలేదు. అందుకని ఈ పిల్ల మీదే దాని పంచప్రాణాలూ. కానీ మేతకి పోక తప్పదు కదా. నడవలేని పిల్లని ఓబులమ్మ వేపచెట్టు కింద గంప బోర్లించి, దాని కింద ఉంచేది. గంప కదలకుండా పైన ఒక రాయి పెట్టేది. చుక్కమేక చేనుగట్టు దాకా వెనక్కి చూసుకుంటూనే నడిచేది.

దొడ్డి బయట బోడినేల మీద ఒక తీతువు పిట్ట గుడ్లు పెట్టుకుంది. గూడంటూ ఏమీ లేదు. రాళ్ళ మధ్య రాళ్ళలాగే ఉంటాయి దాని గుడ్లు. రోజూ ఆ దారిన పోయే మేకలకి తప్ప ఇంకెవరికీ కనిపించవు. పిట్టేమో జానెడే గానీ గొంతు మాత్రం ఊరంత. తొండ కదిలినా అరిచేది. దాని అరుపుకి కుక్క లేచేది, కుక్క లేస్తే ఓబులమ్మ కర్ర అందుకునేది.

ఈ అరుపుతో అక్కడి పొదల్లో ఉండే ఒక నక్కకి కడుపు మాడిపోతోంది. ఎన్నిసార్లు సందు దాకా వచ్చినా పిట్ట గోల చేసేది, కుక్క తరిమేది. ముందు గుడ్లు తినేస్తే పీడ పోతుందనుకుని వెతికింది. పిట్ట రెక్క విరిగినట్టు కుంటుకుంటూ దాన్ని ఎక్కడికో లాక్కుపోయి, తీరా దగ్గరికొచ్చాక తుర్రుమని ఎగిరిపోయింది. మోసాలు చేసేదానికే మోసం జరిగితే ఎట్లా ఉంటుంది? నక్కకి రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు వేరే దారి పట్టింది.

మధ్యాహ్నం మంద చేనుగట్టు నీడలో పడుకుని ఉంది. నక్క వచ్చి, కొమ్ములకి అందనంత దూరంలో వినయంగా కూర్చుంది.

"ఏంటే ఇట్లా వచ్చావు? పొడిస్తే పేగులు బయటికొస్తాయి" అంది పొట్టేలు, లేవకుండానే.

"పొడువు బావా, నీ చేతిలో చావడం కూడా గౌరవమే. కానీ ఒక్క మాట చెప్పి పోతాను. మనసాగక వచ్చాను" అంది నక్క. "చుక్కక్కా, నీ పిల్ల బాగుందా?"

చుక్కమేక చటుక్కున లేచి నిలబడింది. "నా పిల్ల సంగతి నీకెందుకు?"

"నాకెందుకులే. ఆ పిట్ట పొద్దున్నుంచీ నీ పిల్ల గంప మీదుగా తిరుగుతూ అరుస్తోంటే చూడలేక వచ్చాను, అంతే. తీతువు ఎవరింటి మీద అరిస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో నేను చెప్పాలా?"

తీతువు అరిస్తే చావు తప్పదన్నది అందరికీ తెలిసిన మాటే.

"పోయినేడు తెల్లగొర్రె చచ్చిపోయింది కదా. ముందు రోజు ఎవరు అరిచారు?"

"అది రోజూ అరుస్తుంది కదే!" అంది పొట్టేలు.

"అందుకే కదా బావా, ఏటా ఎవరో ఒకరు పోతున్నారు!"

పొట్టేలు కొమ్ముతో గట్టుమట్టి గీరింది.

ముసలెద్దు మెల్లగా తల ఎత్తింది. "తెల్లగొర్రె కడుపుబ్బి పోయింది. పచ్చిజొన్న మేసి."

"ఆ జొన్నలోకి దాన్ని ఎవరు తోలారు పెద్దాయనా? కాళ్ళు వాటంతటవే పోయాయా? చావు పిలిచింది, పోయింది. పిలిచిన గొంతు ఎవరిది?" నక్క లేచి ఒళ్ళు దులుపుకుంది. "నాకేం పోయింది. నాకు పిల్లా జెల్లా లేరు. చుక్కక్క మొహం చూసి చెప్పాను. పోయినసారి కూడా పాపం..."

ఆ మాట సగంలోనే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ మిగిలిన సగమే చుక్కమేకని తినేసింది.

"దాని మాట పట్టించుకోకు తల్లీ" అంది ఎద్దు.

"నీకేం తాతా, నీకు పోయేవాళ్ళు లేరు" అంది చుక్కమేక. ఆ పూట గడ్డిపరక ముట్టలేదు.

పొద్దు వాలాక మంద ఇంటికి మళ్ళింది. బోడినేల దగ్గరికి రాగానే తీతువు ఎప్పటిలాగే రెక్కలు చాచి నిలబడింది. "మెల్లగా వదినా, పక్కనుంచి పో. గుడ్లున్నాయి."

రోజూ పక్కనుంచి పోయే చుక్కమేక ఆగింది.

"నువ్వు ఇక్కణ్ణుంచి వెళ్ళిపో."

"ఎక్కడికి పోను? గుడ్లకి కాళ్ళొస్తే పోతాను. ఇంకో పది రోజులు ఓపిక పట్టు వదినా."

"ఆ పది రోజులూ అరుస్తావా?"

"భయమేస్తే అరవనా? నాకు కొమ్ములా, కోరలా? నోరొక్కటే ఉంది."

"నా పిల్ల మీద అరవకు!"

"నీ పిల్ల మీద కాదు వదినా. సందులోంచి నక్క..."

"నోర్ముయ్!"

చుక్కమేక కళ్ళు మూసుకుని కాలు ఎత్తింది. కళ్ళు మూసుకున్నా గిట్ట కింద చిట్లిన చప్పుడు వినిపించింది. ఒకటి, మరొకటి. పిట్ట గోల చేస్తుందనుకుంది. అది అరవలేదు. తడి అయిన నేల వైపు కాసేపు చూసి, లేచి, కొండవాగు వైపు ఎగిరిపోయింది.

మరుసటి రోజు దొడ్డి ఎంత ప్రశాంతంగా ఉందో! కుక్క బండి కింద ఆదమరిచి నిద్రపోయింది. ఓబులమ్మ కంప కొట్టడానికి కొడవలి తీసుకుని చేని అవతలికి పోయింది. మంద గట్టు మీద మేస్తోంది.

"చూశావా తాతా, ఎంత హాయిగా ఉందో" అంది చుక్కమేక.

ఎద్దు చెవులు అటూ ఇటూ తిప్పింది. "నాకు బాలేదు."

"ఏం? అరుపు లేదు కదా!"

"అరుపు లేదు. నక్క రాలేదని లేదో, వచ్చినా చెప్పేవాళ్ళు లేక లేదో, నీకెట్లా తెలుస్తుంది?"

చుక్కమేక నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ తను మేతకి వచ్చి నిశ్చింతగా నమిలింది ఆ పాడు గొంతు వింటూనే. అరుపు వినిపిస్తే కుక్క లేచిందని తెలిసేది. ఆగిపోతే ఎవరో పారిపోయారని తెలిసేది. ఇప్పుడు ఏమీ తెలియడం లేదు. చెవి పెట్టి వింది. గాలి కూడా లేదు.

మందని వదిలేసి పరుగు పెట్టింది. కాళ్ళు రాళ్ళకి తగిలి చీరుకుపోతున్నా ఆగలేదు. కంచె దాటి చూస్తే వేపచెట్టు కింద నక్క ఉంది. ముందుకాళ్ళు గంప మీద వేసి రాయిని నెడుతోంది. గంప కింద పిల్ల సన్నగా ఏడుస్తోంది.

"వచ్చావా అక్కా!" అంది నక్క, తిరిగి చూస్తూ. "నీ చలవే. లేకపోతే ఇంత తీరిగ్గా పని చేసుకునేదాన్నా?"

చుక్కమేక కొమ్ములు వంచింది. వంచిన తల అలాగే ఉండిపోయింది. నక్క వెనకాల, పడమటి సందులో, ఎండుకంప మధ్య రెండు పచ్చటి కళ్ళు కనిపించాయి. మచ్చల ఒళ్ళు నేలకి అంటుకుని, ఒక్క ఆకు కూడా కదలకుండా లోపలికి జారుతోంది.

అది.

చుక్కమేక కళ్ళు దాని మీద నుంచి కదల్లేదు.

"ఏంటి అట్లా గుడ్లప్పగించి నా వెనక చూస్తున్నావు?" నక్క నవ్వింది. "ఎవరో వచ్చారని నేను తిరిగి చూడాలి, నువ్వు పొడవాలి. అంతేగా? ఇట్లాంటివి నేను పాలు తాగే వయసులో మానేశాను. కావాలంటే అరుచుకో. నీ గొంతుకి ఆ కుక్క లేస్తుందేమో చూద్దాం. లేపే గొంతుని నువ్వే..."

మాట పూర్తి కాలేదు. దుమ్ము లేచింది. కుయ్యిమని ఒక్క కేక. రాయి దొర్లిపోయి గంప పక్కకి ఒరిగింది. కుక్క అదిరిపడి లేచి మొరిగేసరికి, చేని అవతల నుంచి ఓబులమ్మ కేకలు వేస్తూ వచ్చేసరికి, చిరుత సందు దాటిపోయింది. దాని నోట్లో నక్క వేలాడుతోంది. ఇన్నేళ్ళూ అది దిగినప్పుడల్లా తీతువు అరుపు విని తను కూడా పొదలో దూరి బతికానని ఆ నక్కకి చివరి దాకా తట్టలేదు.

పిల్ల గంప కింద నుంచి వచ్చి, వణుకుతూ తల్లి పొదుగు వెతుక్కుంది. చుక్కమేకకి ఆ రోజు పాలు చేపలేదు.

ఓబులమ్మ ఆ పూటే కొత్త కంపతో సందు పూడ్చింది. కానీ కంచె అడ్డం పడుతుంది గానీ అరవదు కదా. చుక్కమేక మర్నాడు వాగు దాకా వెళ్ళింది. తీతువు ఇసుక మీద ఒంటరిగా నిలబడి ఉంది.

"వచ్చేయి. నిన్ను ఎవరూ ఏమీ అనరు" అంది చుక్కమేక.

"నా గొంతు మంచిది కాదు కదా వదినా."

"తప్పయిపోయింది."

"నీ పిల్ల బాగుందా?"

"బాగుంది."

"సరే" అంది తీతువు. ఇసుక మీద ఇంకొంచెం అవతలికి నడిచింది. చుక్కమేక ఒక్కతే తిరిగొచ్చింది.

వానలు పడేదాకా చుక్కమేక కడుపునిండా మేసింది లేదు. నాలుగు పరకలు కొరకడం, తల ఎత్తి వినడం. ఎండుటాకు రాలినా ఉలిక్కిపడడం. పిట్ట ఒక్కతే మోసిన భయం ఇప్పుడు మందంతా మోయాల్సి వచ్చింది.

భయపెట్టేవాణ్ణీ, ప్రమాదం ఉందని చెప్పేవాణ్ణీ ఒకే గాటన కట్టకూడదు.

ఇది రాసి పడుకున్నాను. తెల్లారి లేచి మా చేలోకి పోయి, తీతువు పొదుగుతున్న చోటు చుట్టూ నాలుగు కంపకొమ్మలు పాతాను. అది నా తల మీద తిరుగుతూ ఒకటే అరుపు. మా ఆయన ఎడ్లు కట్టుకుని వస్తే, ఆ మేర వదిలి దున్నమన్నాను. ఎందుకన్నాడు. ఇదంతా చెప్పాలంటే సిగ్గేసింది. "వదలమన్నాను, అంతే" అన్నాను. వదిలి దున్నాడు.