మంగాయమ్మ దొడ్డిదారి

కోనసీమలో కాలవ పక్కన ఒక వరిచేను, ఆ చేనుకొక గట్టు. పైన నడిచే మనుషులకు అది ఉత్త గట్టే. లోపల కాపురాలు చేసేవాళ్ళకు మాత్రం అది నలుగురూ బతికే వీధి. ఆ వీధిలో ఎప్పుడు చూసినా సందడిగా ఉండేది గట్టెలుక మంగాయమ్మ ఇల్లు. మొగుడు గవర్రాజు గింజలు మోసుకురావడం, అత్తగారు అచ్చియ్యమ్మ మూల కూర్చుని అందర్నీ ఓ కంట కనిపెట్టడం, పిల్లల మంద ఒకరిమీద ఒకరు పడి దొర్లడం. వీళ్ళందరి మధ్య మంగాయమ్మకు మీసం దువ్వుకునే తీరిక కూడా ఉండేది కాదు.

ఆవిడది మంచి మనసే. ఒక్క గుణమే కొంప ముంచేది. కంటపడిన వస్తువునల్లా ఇంట్లోకి ఈడ్చుకొచ్చేది. తెగిన చెప్పు పట్టీ, పగిలిన గాజుముక్క, షాంపూ ప్యాకెట్టు, సీసా మూత, ఎవరి చొక్కాదో ఊడిన గుండీ, ఏదీ వదిలేది కాదు. ఎందుకే ఇదంతా అని అత్తగారు అడిగితే, ఎప్పుడో అప్పుడు పనికొస్తుందండి అనేది. ఆ ఎప్పుడో అప్పుడు ఇంతవరకూ ఆ గట్టు మీదికి రాలేదు.

అలాగని ఆవిడను తప్పుపట్టడానికి నోరు రాదు. మంగాయమ్మ చిన్నప్పుడు పెద్ద తుఫానొచ్చి చేలన్నీ ఏకమైపోయాయి. వాళ్ళమ్మ పిల్లల్ని నోట కరుచుకుని పైగట్టుకు చేరిందిగానీ, వాళ్ళ కింద పరవడానికి పొడిగా ఉన్న గడ్డిపరక కూడా దొరకలేదు. తెల్లారేసరికి మంగాయమ్మ పక్కన పడుకున్న తమ్ముడు చల్లబడిపోయాడు. పిడికెడు దూది ఉంటే వాడు బతికేవాడని వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ అంటూనే ఉంది. అప్పటినుంచి మంగాయమ్మ కంటికి ప్రతి చెత్తముక్కా ఆ పిడికెడు దూదిలాగే కనిపించేది.

ఇక్కడ ఎలుకల ఇంటి సంగతొకటి చెప్పాలి. గట్టెలుక ఇంటికి రెండు దార్లు ఉంటాయి. ముందు గుమ్మం లోకానికంతా తెలిసిందే. దొడ్డిదారి ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. దాని చివర పల్చగా ఓ మట్టిపొర వదిలేస్తారు. ప్రాణంమీదికి వస్తే తలతో ఒక్క పోటు పొడిచి బయటపడొచ్చు. ప్రతి అమావాస్య వెళ్ళిన మర్నాడు ఇంటి పెద్ద ఉన్నట్టుండి "పామొచ్చె" అని కేకేస్తుంది. పిల్లలంతా బతుకు జీవుడా అని దొడ్డిదారిన పరిగెత్తాలి. ఆ తర్వాత నవ్వుకుంటూ వచ్చి మళ్ళీ మట్టిపొర వేసుకుంటారు. తాతల నాటి ఆచారం.

ఆ ఆచారం మంగాయమ్మ ఇంట్లో కొన్నాళ్ళుగా మూలపడింది. ఈ అమావాస్యకు వద్దులెండి అత్తయ్యగారూ, దారిలో కాస్త సామానుంది, సర్దాక పెట్టుకుందాం అనేది. సర్దడం ఎప్పటికప్పుడు రేపటికి జరిగేది.

ఇది ఎలా తెలిసిందోగానీ నక్క పేర్రాజుకు తెలిసింది. పేర్రాజు ఆ గట్టును ఎన్నోసార్లు తవ్వాడు. ముందు తవ్వుతుంటే ఎలుకలు వెనకనుంచి జారుకునేవి. దొడ్డిదారి ఎక్కడుందో వెతికి వెతికి ముక్కు అరిగిందేగానీ జాడ దొరకలేదు. దాంతో ఆయన తవ్వడం మానేసి మర్యాద మొదలుపెట్టాడు. ఓ సాయంత్రం గుమ్మం ముందు ఓ పాత చెప్పు అట్ట పెట్టి, "చెల్లెమ్మా, నీకు పనికొస్తుందని తెచ్చా" అన్నాడు.

మంగాయమ్మ గుమ్మం లోపలినుంచే చూసింది. పేర్రాజు చెప్పు అట్ట అక్కడే వదిలేసి పెద్దమనిషిలా వెళ్ళిపోయాడు. మర్నాడు కొబ్బరి చిప్ప. ఆ మర్నాడు చిరిగిన వలముక్క. తర్వాత రేకు డబ్బా మూతలు, రెగ్జిన్ పేలికలు. తెచ్చిన ప్రతిసారీ దూరంగా నిలబడి ఒకే మాట చెప్పేవాడు.

"ముందు గదిలో పెట్టకు చెల్లెమ్మా, నలుగురి కళ్ళూ పడతాయి. వెనక ఖాళీ ఉంటుందిగా, అక్కడ పెట్టుకో."

దిష్టి అనేసరికి మంగాయమ్మ మెత్తబడింది. అన్నీ వెనక్కే ఈడ్చింది. అడక్కుండా ఇంటికే వస్తున్నాయి, నక్క తోక తొక్కినట్టుంది మన అదృష్టం అని మొగుడితో మురిసిపోయింది. గవర్రాజుకు ఇల్లు ఇరుకై ఒళ్ళు గీరుకుపోతున్నా, నోరు విప్పితే రెండు పూటలా అదే గొడవని ఊరుకున్నాడు. అచ్చియ్యమ్మ మాత్రం ఊరుకునే రకం కాదు.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. వీడెవడే అడక్కుండా పెట్టడానికి?"

"ఆయన మారిపోయారండి అత్తయ్యగారూ. నన్ను చెల్లెమ్మా అంటున్నారు."

"నువ్వు తోకే తొక్కావో, నోట్లోకే నడుస్తున్నావో చూసుకో మరి."

పక్కింటి పీత తాతారావు కూడా ఓ రోజు వచ్చి గొణిగాడు. ఆయన ఇంట్లో ఆయన తప్ప ఇంకేమీ ఉండదు. మంగాయమ్మ ఇల్లు చూస్తే ఆయనకు ఊపిరాడదు. ఆ ప్లాస్టిక్ సంచుల్లో సగమైనా తీసెయ్యమ్మా అంటే, మంగాయమ్మ చిన్నబుచ్చుకుని రెండు సంచులు కాలవలోకి తోసింది. మర్నాడు అవి తాతారావు గుమ్మానికే అడ్డం పడ్డాయి. పారేశానంటే ఎక్కడికి పోతుందమ్మా, నీ గుమ్మం దాటితే నా గుమ్మమేగా అని ఆయన వాటిని మళ్ళీ తెచ్చి పెట్టి వెళ్ళాడు.

అమావాస్య వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే, మంగాయమ్మ పిల్లలకు ఒళ్ళు నాకుతుండగా, అచ్చియ్యమ్మ ఎవరికీ చెప్పకుండా గొంతు చించుకుంది.

"పామొచ్చె!"

పిల్లలు మరిచిపోలేదు. ఒక్క దూకున దొడ్డిదారిలోకి పడ్డారు. ముందు వెళ్ళినవాడు చెప్పు అట్టకు గుద్దుకున్నాడు. వెనకవాళ్ళు వాడిమీద పడ్డారు. రేకు మూతలు జారాయి, కొబ్బరి చిప్ప దొర్లింది, పైనున్నదంతా కూలింది. ఆ దుమ్ములో ఏడుపులు, కీచుమనే అరుపులు. ఒక్కొక్కరే వెనక్కి పాక్కుంటూ వచ్చారు. అందరిలోకీ చిన్నది నూకాలు మాత్రం రాలేదు.

మంగాయమ్మ దొడ్డిదారిలోకి దూకింది. పళ్ళతో, కాళ్ళతో ఆ కుప్పను పెకలించింది. అడుగున వలముక్కలో కాలు చిక్కుకుని, మీద చిప్ప బోర్లించుకుని ఉంది నూకాలు. ఊపిరుంది. ఏడవడానికి ఓపిక లేదు. తల్లి మూతి తగిలాక, "పాము వెళ్ళిపోయిందా అమ్మా?" అంది.

మంగాయమ్మ దాన్ని గుండెకు హత్తుకుని కూలబడి ఏడ్చింది. తమ్ముడు పోయింది ఏమీ లేక. ఈ పిల్ల పోబోయింది అన్నీ ఉండి. ఆ మాట ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అచ్చియ్యమ్మ దెప్పలేదు. పక్కన కూర్చుని కోడలి వీపు నిమిరింది. కాసేపటికి మంగాయమ్మ తల ఎత్తి ఆ కుప్పను వాసన చూసింది. చెప్పు అట్ట, చిప్ప, వల, మూతలు, అన్నిటిదీ ఒకటే వాసన.

"అత్తయ్యగారూ, దారికి అడ్డం పడ్డవన్నీ పేర్రాజు తెచ్చినవేనండి."

"ఇప్పుడు తెలిసిందా?"

"మన దొడ్డిదారి ఎక్కడుందో ఆయనకు తెలీదు. తెలుసుకోనక్కర్లేకుండా నాచేతే మూయించాడు." మంగాయమ్మ గొంతు తగ్గించింది. "ఇవాళ సాయంత్రం పెద్ద డబ్బా ఒకటి తెస్తానన్నాడండి. వెనక చోటు మిగిలిందా అని రెండుసార్లు అడిగాడు."

ఇంట్లో అందరికీ విషయం అర్థమైంది. గవర్రాజు ఇల్లు వదిలి పారిపోదామన్నాడు. ఈ పిల్లల మందతో పట్టపగలు చేలో పరిగెడితే గద్దలకు విందే అంది అచ్చియ్యమ్మ. మంగాయమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. ఈ చెత్త తెచ్చుకున్నది నేను, తీసేది కూడా నేనే అంది.

అలా అందిగానీ ఇంటిల్లిపాదీ కదిలారు. తాతారావు పిలవకుండానే వచ్చి, చిక్కుపడ్డవాటిని డెక్కలతో కత్తిరించాడు. ఒక్కో వస్తువూ చేతికొచ్చినప్పుడల్లా మంగాయమ్మ ప్రాణం ఉసూరుమనేది. ఇది పనికొస్తుందేమో అనబోయేది. ఎవరికి అని అచ్చియ్యమ్మ అడిగేది. జవాబు దొరికితే అది ఆ ఇంటికి వెళ్ళింది. కొబ్బరి పీచు గూడు అల్లుకుంటున్న గిజిగాడికి, కుళ్ళిన గడ్డీ గింజల పొట్టూ పక్క చేలోని వానపాములకు. దారాలు చూసి పిట్టలు వరసకట్టాయి. ఎన్నాళ్ళుగానో తన మూలన మురిగినవి వాళ్ళకింత అవసరమని మంగాయమ్మకు అంతవరకూ తెలియదు, కాస్త సిగ్గేసింది.

ఎవరికీ పనికిరానివి మిగిలాయి. రేకు మూతలు, రెగ్జిన్ పేలికలు, ప్లాస్టిక్, చెప్పు అట్ట, పీచు ఊడిన చిప్ప. వీటిని కాలవలో వెయ్యడానికి వీల్లేదని తాతారావు డెక్క ఎత్తి మరీ చెప్పాడు.

"కాలవలో ఎందుకు బాబాయిగారూ? ఎవరివి వాళ్ళకే ఇచ్చేద్దాం" అంది మంగాయమ్మ.

ముందు గుమ్మం లోపల వలముక్కను పరిచింది. మిగిలిన సరుకంతా దానిమీద, దాని కన్నాల్లో గుచ్చి గుచ్చి, గుమ్మం బిగుసుకుపోయేదాకా కూరారు. వెనక దొడ్డిదారి అద్దంలా ఊడ్చుకున్నారు. చివర పల్చటి మట్టిపొర మిగిలింది, అంతే. అచ్చియ్యమ్మ పిల్లల్ని తీసుకుని దాని దగ్గర కూర్చుంది.

పొద్దు వాలుతుండగా పేర్రాజు డబ్బాను దొర్లించుకుంటూ వచ్చాడు.

"చెల్లెమ్మా, చెప్పినట్టే తెచ్చా. వెనక పడుతుందా?"

"లోపల అంగుళం చోటు లేదు అన్నయ్యగారూ" అంది మంగాయమ్మ గుమ్మం వెనకనుంచి. అబద్ధమాడే అవసరం కూడా లేకపోయింది. గుమ్మం నిండా అంగుళం చోటు లేదు మరి.

"వెనక దారిలో కూడానా?"

"మీరిచ్చిన సామాను ఎక్కడ ఉండాలో అక్కడే ఉందండి."

ఆ మాటకు పేర్రాజుకు నోట్లో నీళ్ళూరాయి. డబ్బా పక్కన పెట్టాడు, మర్యాద కూడా పక్కన పెట్టాడు. ముందుకాళ్ళు రెండూ గుమ్మంలోకి దూర్చి తవ్వడం మొదలెట్టాడు. మొదటి పట్టుకు చెప్పు అట్ట వచ్చింది. రెండో పట్టుకు రేకు మూతలు. ఎలుక తోక అనుకుని నోటితో లాగితే రెగ్జిన్ పేలిక. కోపం వచ్చి భుజాలదాకా దూరి కుమ్మాడు. గోళ్ళకు వల చుట్టుకుంది. విదిలించుకున్న కొద్దీ బిగుసుకుంది.

"ఏం చెల్లెమ్మా ఇది?"

"మీరు పెట్టిన పుట్టింటి సారె అన్నయ్యగారూ. ఆడపడుచు ఇంట్లో చోటు చాల్లేదు, తిరిగి పట్టుకెళ్ళండి."

పేర్రాజు వెనక్కి గుంజాడు. గుమ్మంలో కూరినదంతా వలతోపాటు ఒక్క పెట్టున ఊడొచ్చింది. చిప్ప రేకుకు తగిలి, రేకు డబ్బాకు తగిలి లొటలొటా మోగింది. పేర్రాజు బెదిరి పరుగు తీస్తే మోత వెంటబడింది. చేనవతల గొడ్లపాక దగ్గర కుక్కలు ఆ మోతకు లేచాయి. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, పోగుచేసిన ఆస్తినంతా కాళ్ళకు కట్టుకుని, పేర్రాజు కాలవ దాకా ఎలా పోయాడో ఆయనకే తెలియాలి. చివరికి చెవి సగం కుక్కలకిచ్చి, వల పాక ముంగిట్లో వదిలేసి బతికి బయటపడ్డాడు. మర్నాడు పాక ఊడ్చే ఆవిడ ఆ రేకులూ ప్లాస్టిక్కూ ఏరి పాతసామానులవాడి గోనెలో వేసింది.

కొండను తవ్వి ఎలుకను పట్టారని మనుషుల్ని వెక్కిరిస్తారు. పేర్రాజుకు గట్టు తవ్వితే ఎలుక కూడా దొరకలేదు. పైగా మంగాయమ్మ ఇల్లు ఖాళీ చేసి, చెత్త మోసి పెట్టాడు.

మర్నాడు మంగాయమ్మ గుమ్మం సర్దుకుంటుంటే, గట్టుమీద ఓ నీలం రంగు సీసా మూత ఎండకు మెరుస్తూ కనిపించింది. కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. మూతి తగిలేదాకా వెళ్ళి ఆగింది. ఎవరికి అని తనను తానే అడిగింది. జవాబు తోచలేదు. వదిలేసి లోపలికి వచ్చింది.

ఇంట్లో ఒక మూల పిడికెడు దూది మాత్రం ఉంచుకుంది. దాన్ని తీసెయ్యమని అత్తగారు కూడా అనలేదు. పైగా తేమ తగలకుండా తనే కాస్త పైకి జరిపింది. ఆ జరపడం మంగాయమ్మ చూసింది, ఆ పూట అత్తగారికి మంచి గింజలన్నీ ఏరి పెట్టింది.

మళ్ళీ అమావాస్య వెళ్ళింది. ఈసారి కేక వేసింది మంగాయమ్మే. పిల్లలు బిలబిలమంటూ దొడ్డిదారిలో పడ్డారు. ఎక్కడా ఎవరికీ ఏదీ తగల్లేదు. చివర మట్టిపొర ఫట్‌మని పగిలి ఎండ లోపలికొచ్చింది. ఆ ఎండలో అందరికంటే ముందు నిలబడి వెనక్కి చూస్తోంది నూకాలు.

దారికి అడ్డం రానంతవరకే ఏదైనా ఆస్తి.