మూత వేసిన డిక్కీ

మంగళవారం ఉదయం ఏడూ పదికి నంద్యాలలో ఆటో ఎలక్ట్రీషియన్ మస్తాన్ వలి షాపు ముందు నీళ్లు చల్లుతున్నాడు. అప్పుడే ఒక అద్దె కారును తోసి స్టార్ట్ చేసి తీసుకొచ్చారు. వారంలో మూడోసారి తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోయింది.

"రాత్రుళ్లు పాటలు పెట్టుకొని బండ్లోనే పండుకుంటాడప్పా వీడు," అన్నాడు యజమాని శేషయ్య. "బండ్లో తప్పు లేదని తేలితే ఈ పొద్దే తాళాలు తీసుకుంటా."

"అన్నీ ఆపే ఇంటికి పోతున్నా సార్," అన్నాడు డ్రైవర్ ఓబులేసు. ఆ మాట అతను అప్పటికి నాలుగుసార్లు చెప్పాడు.

మస్తాన్ వలి దగ్గర పని నేర్చుకుంటున్న నరహరి పాలిటెక్నిక్ చదివినవాడు. బ్యాటరీ కొలిచాడు, చార్జింగ్ కొలిచాడు. వైర్లన్నీ తడిమి చూశాడు. "బండిలో తప్పేం లేదు సార్," అన్నాడు. ఓబులేసు తాళాలు యజమాని చేతిలో పెట్టాడు.

అది చూశాక నరహరి గొంతు తగ్గించి అడిగాడు: "అన్నీ చూసినా తప్పు దొరక్కపోతే ఏం చెప్పాలి ఉస్తాద్?"

ఉస్తాద్ మస్తాన్ వలి బ్యాటరీ కేబుల్ ఒకటి విప్పి, మధ్యలో చిన్న బల్బు కలిపాడు. కారులో అన్నీ ఆపి ఉంటే ఆ బల్బు వెలగకూడదు. వెలిగింది. ఒక్కో ఫ్యూజూ పీకుతూ పోతే నాలుగోదానికి ఆరింది. అది లోపలి దీపాల ఫ్యూజు. కానీ లోపల దీపాలేవీ వెలగడం లేదు.

ఫ్యూజు మళ్లీ పెట్టి, కేబుల్ బిగించి, ఉస్తాద్ డిక్కీ తెరిచాడు. అందులోని చిన్న దీపం వెలుగుతూ కనిపించింది. "లోపల పండుకో," అన్నాడు నరహరితో.

"డిప్లొమా వానికి బెర్తు దొరికింది," అని శేషయ్య నవ్వాడు.

నరహరి స్టెప్నీ పక్కన ముడుచుకుని పడుకున్నాడు. మూత పడింది. కాసేపటికి లోపలి నుంచి గొంతు వినిపించింది: "దీపం ఆరలేదు ఉస్తాద్."

మూత వేస్తే స్విచ్‌ను నొక్కి ఆ దీపాన్ని ఆర్పాల్సిన రబ్బరు ముక్క ఊడిపోయింది. తెరిచి చూసినవాళ్లకు వెలగడం సహజంగానే కనిపించింది. మూసాక ఎవరూ చూడలేదు.

స్విచ్, రబ్బరు మార్చారు. శేషయ్య తాళాలు తిరిగి ఇచ్చాడు. "ఏదో అన్నాలే, మనసులో పెట్టుకోకు," అన్నాడు. ఓబులేసు తల ఊపి కారెక్కాడు.

ఆరో రోజున శేషయ్య హారన్ బాగుచేయించుకోవడానికి వచ్చాడు. బ్యాటరీ మళ్లీ దిగలేదట.

"మా ఓబులేసుకే ఏమో అయిందప్పా. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నోడు మధ్యలో లేచి బండి కాడికి వస్తాడు. లైట్లన్నీ ఆపినానా లేదా అని కారు చుట్టూ తిరిగి చూసుకొని పోతాడు. రోజూ ఇదే. మెకానిక్ కొలిచి చెప్పినాక తన మీద తనకే అనుమానం వచ్చిందంట."

శేషయ్య వెళ్లేదాకా నరహరి తల ఎత్తలేదు. మస్తాన్ వలి హారన్ వైరు ముక్కలు ఊడ్చి పక్కకు వేస్తూ అన్నాడు:

"మొన్న అడిగినావే, తప్పు దొరక్కపోతే ఏం చెప్పాలని. 'నాకు దొరకలేదు' అనుంటే, ఆయన అన్నం మధ్యలో లేవడు."