పంతొమ్మిదో పాఠం

"పద్దెనిమిది తర్వాత ఇరవై ఎలా వస్తుంది మాస్టారూ?" అని ఆ శనివారం హరిచందన నిలదీసింది. అడగాల్సిన ప్రశ్నే. భానోజీ మాస్టారు మాకు టర్కీ భాష చెప్పేది తాను చేత్తో రాసుకున్న నోటుపుస్తకంలోంచి. పద్దెనిమిదో పాఠం అవగానే రెండు కాగితాలు కలిపి తిప్పేసి ఇరవైలోకి వెళ్ళిపోవడం ఆయన అలవాటు. మిగతా వాళ్ళం ఏనాడూ నోరెత్తలేదు. నాకైతే ఓడల ఏజెంటు ఆఫీసులో నాలుగు ముక్కలు మాట్లాడగలిగితే చాలు, ఒక పాఠం తగ్గిందంటే సంతోషమే. హరిచందన సంగతి అలా కాదు. రెండు నెలల్లో అంకారాకి చదువుకు వెళ్ళాలి, పైగా మహా తొందర మనిషి.

మాస్టారు గుమ్మం వైపు చూశారు. బయట జోరున వాన. ఎప్పుడూ ముందు కుర్చీలో కూర్చునే డోరతీ గారు ఇంకా రాలేదు. "ఆవిడ వచ్చేలోగా చెప్పేస్తాను, వినండి" అన్నారు.

డోరతీ గారు వాల్తేరు రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్. ఇంట్లోనూ చర్చిలోనూ ఇంగ్లీషే, తెలుగు బజారుకి సరిపడా. ఒక్కగానొక్క కొడుకు కెన్నెత్ ఓడలో ఇంజనీరుగా వెళ్ళి, టర్కీలోని ఇజ్మీర్‌లో నెర్మిన్ అనే అమ్మాయిని పెళ్ళాడి అక్కడే ఉండిపోయాడు. నలభై నిండకుండానే జబ్బు చేసి అక్కడే పోయాడు. పూడ్చిపెట్టడం కూడా అయిపోయాకే తల్లికి కబురందింది. చివరి రోజుల్లో అతనేం మాట్లాడాడో తెలిసింది నెర్మిన్ ఒక్కదానికే. ఆ పిల్లకి టర్కీ తప్ప మరో ముక్క రాదు. మాస్టారు ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేసి, ఇజ్మీర్‌లో తొమ్మిదేళ్ళు ఉన్న మనిషి. "నేను అడిగి చెబుతానమ్మా" అన్నారట. "వద్దు. నా కొడుకు మాట ఇంకొకరి నోట వినను. నాకు నేర్పండి" అన్నారట ఆవిడ.

ఏడాది నేర్చుకున్నారు. తెలుగులోలాగే ఆ భాషలోనూ క్రియ వాక్యం చివర్న వస్తుంది కాబట్టి మనకి కొంత నయం. ఇంగ్లీషులో పెరిగిన ఆవిడకి, ఏం జరిగిందో తెలియడానికి చివరిదాకా ఆగాలంటే ప్రాణం మీదికి వచ్చేది. అయినా 'చివర్లో కెన్నెత్ ఏమన్నాడు?' అన్న ఒక్క ప్రశ్న మాత్రం వెయ్యిసార్లు అనుకుని అనుకుని నోటికి తెచ్చుకున్నారు. ఒకరోజు మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని, టేపురికార్డరు పెట్టుకుని, ఫోను చేసి ఎక్కడా తడబడకుండా అడిగారు. ఎంత బాగా అడిగారంటే, అత్తగారికి భాష వచ్చేసిందనుకుంది నెర్మిన్. ఏడుస్తూ ఇరవై నిమిషాలు ఆగకుండా చెప్పుకుపోయింది. డోరతీ గారికి అందినవి మూడే మాటలు. నీళ్ళు, అమ్మ, కిటికీ.

"అయ్యో! ప్రశ్న నేర్చుకున్నారు గాని జవాబు నేర్చుకోలేదన్నమాట" అంది హరిచందన.

"నేర్పినవాణ్ణి, నాకైనా తట్టలేదమ్మా" అన్నారు మాస్టారు. ఆయన అర్థం చెప్పబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారట.

అప్పట్నించి పదకొండేళ్ళుగా శనివారం పాఠం వినడం, ఇంటికి వెళ్ళి టేపు వేసుకోవడం, ఇదే ఆవిడ పని. కిటికీ తెరిచి ఉంచమన్నాడని ఒక ఏడు తెలిసింది. రంగుల పాఠం రోజు పసుపుపచ్చకి టర్కీ మాట చెప్పారో లేదో, ఆవిడ లేచి బయటికి వెళ్ళిపోయారు. మాస్టారు వెళ్ళి చూస్తే మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నారు. అమ్మ కొబ్బరిపాలు పోసి వండే పసుపుపచ్చన్నం కావాలన్నాడట కెన్నెత్. "మా వాడికి ఆకలేసిందట మాస్టారూ!" అన్నారట.

ఆవిడతోపాటే నోటుపుస్తకమూ పెరిగింది. టేపులో ఇక అర్థం కానిది ఒక్క వాక్యమే మిగిలింది, అన్నిటికన్నా చివరిది. మూడేళ్ళ కిందట మాస్టారు ఆ వాక్యంలోని మాటలన్నీ కలిపి పంతొమ్మిదో పాఠంగా రాసి, బోర్డు మీద మొదటి మాట వేశారు. డోరతీ గారు లేచి వచ్చి చేతిరుమాలుతో దాన్ని తుడిచేశారు. "ఇది ఉండనివ్వండి. ఇదీ తెలిసిపోతే, వాడు నాకు కొత్తగా చెప్పేది ఇంకేముంటుంది?" అన్నారట.

హరిచందన గొంతు తగ్గించి, "ఆవిడకి ఎనభై దాటాయి కదా మాస్టారూ. వినకుండానే పోతే?" అంది.

ఆయన జవాబు చెప్పేలోగా మెట్ల మీద చేతికర్ర చప్పుడయింది. డోరతీ గారు గొడుగు దులుపుకుంటూ వచ్చారు. ఎవరికీ దారివ్వని మా హరిచందన లేచి ముందు కుర్చీ జరిపి, తన తువాలుతో తుడిచింది. ఆవిడ కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని, మాస్టారి చేతిలోని నోటుపుస్తకం వంకే చూస్తూ అడిగారు.

"ఇవాళ ఎన్నో పాఠం మాస్టారూ?"

మాస్టారు రెండు కాగితాలు కలిపి తిప్పారు.

"ఇరవై, డోరతీ గారూ."