మీసమున్నవన్నీ మగవే

ఆ ఊళ్ళో తెలివంతా ఒకే ఇంట్లో పోగుపడిందని చెప్పుకునేవారు. చెప్పుకునేది ఆ ఇంట్లోని ముగ్గురు అన్నదమ్ములే. పెద్దవాడు అప్పలకొండ, నడిపివాడు సింహాద్రి, చిన్నవాడు సన్నిబాబు. ఏ సందేహం వచ్చినా ఒకరినొకరు అడిగేవారు, ముగ్గురూ తలూపేవారు, అంతే, సందేహం తీరిపోయేది. అప్పలకొండ పెళ్ళాం పైడితల్లిని మాత్రం ఎవరూ ఏమీ అడిగేవారు కాదు, కూర ఉడికిందా అని తప్ప.

ఆ కూర పైడితల్లి పెరట్లో పండించిన తోటకూర. నాలుగు మళ్ళు. విత్తినదీ, నీళ్ళు పోసినదీ, పురుగు ఏరినదీ ఆవిడే. తినేటప్పుడు మాత్రం అది "మా తోటకూర" అయ్యేది. ఏడు రోజులూ ఆ ఇంటికి అదే దిక్కు.

ఒక సంతరోజు సింహాద్రి ఆరు గినీ పందుల్ని బోనులో పెట్టుకుని తెచ్చాడు. ఎలుక కంటే పెద్దవి, కుందేలు కంటే చిన్నవి, తోకల్లేవు. గేదెకు సూది వెయ్యడానికొచ్చిన పశువుల డాక్టరమ్మ వాటిని చూసి, "ఆడా మగా కలిపేశారేంటి? ఇవాళే విడదియ్యండి. లేకపోతే ఏడాది తిరక్కుండా మీ పెరడంతా వాటి కడుపులోకే" అంది.

పైడితల్లి తన మళ్ళ వైపు చూసి అడిగింది. "ఏది ఆడదో ఎలా తెలుస్తాదమ్మా?"

"ఏముంది, తిరగేసి చూస్తే కనిపిస్తుంది" అని డాక్టరమ్మ స్కూటరెక్కి వెళ్ళిపోయింది.

ఇంకేముంది! అన్నలిద్దరూ బోను ఎత్తి తిరగేశారు, సన్నిబాబు కింద కూర్చుని పైకి చూశాడు. గడ్డీ, నీళ్ళూ, ఆరు గినీ పందులూ కిందున్న సన్నిబాబు నెత్తిన పడ్డాయి.

"ఏం కనిపించిందిరా?" అన్నాడు అప్పలకొండ.

"చీకటి కనిపించింది అన్నయ్యా. కంట్లో గడ్డి పడింది."

"ఇటియ్యండి, ఒక్కోదాన్ని పట్టుకుని పొట్టకింద చూస్తాను" అంది పైడితల్లి.

"సిగ్గులేదా ఒలే? అందులో పరాయి మగాళ్ళుంటారు" అన్నాడు అప్పలకొండ. "మగవేవో ముందు మేం తేల్చుతాం. మిగిలినవి నువ్వు చూద్దువుగాని."

తేల్చడానికి ఊరి పెద్దలెందుకు, ఇంటి ఆచారం ఉండనే ఉంది. ఆ ఇంట్లో ముందు తినేది మగవాళ్ళు, మిగిలింది తినేది ఆడవాళ్ళు. సింహాద్రి ఒక మడి కోసుకొచ్చి బోను ముందు పడేశాడు. పెద్ద పొట్టది ఒకటి అందరినీ తోసుకుని ముందుకొచ్చింది. "అదీ మగాడంటే!" అన్నారు ముగ్గురూ. దానికి పెదనాయుడని పేరుపెట్టారు. దాని వెనక వచ్చిన రెండూ మగవే. మూలన కూర్చున్న మూడూ ఆడవి. అంతే, రెండు బోనులయ్యాయి.

మర్నాడు ఆడవాళ్ళ బోనులో ఒకటి కీచుమని అరిచింది.

"ఆడది ఇంట్లో అంత గట్టిగా అరుస్తుందా? మగదే" అన్నాడు సింహాద్రి. దాన్ని మార్చారు. మగవాళ్ళ బోనులో ఒకటి పక్కదాని ఒళ్ళు నాకి శుభ్రం చేస్తోంది. "ఇంకోళ్ళ ఒళ్ళు తుడిచేది ఆడదే కదరా" అన్నారు. దాన్నీ మార్చారు. మార్చిన ప్రతిసారీ పరీక్షకు ఇంకో మడి కోశారు. పైడితల్లి లబోదిబోమంది. వాళ్ళు వినలేదు, శాస్త్రం మధ్యలో ఉన్నారు మరి.

నాలుగో రోజు సన్నిబాబు కేకేశాడు. "అన్నయ్యా! అన్నిటికీ మీసాలున్నాయి!"

చూశారు. నిజమే. ఒక్కోదానికి అప్పలకొండ మీసం కంటే పెద్దవే ఉన్నాయి.

"ఆరూ మగవే! ఇంక పిల్లలెక్కణ్ణించి పుడతాయి? వదినా, నీ తోటకూరకి ఢోకా లేదు" అన్నాడు సింహాద్రి. అన్నిటినీ మళ్ళీ ఒకే బోనులో వేశారు.

వారం తిరక్కుండా పెదనాయుడు ముగ్గుర్ని కన్నాడు.

అన్నదమ్ములు బోను చుట్టూ చేరి పిల్లల్ని రెండుసార్లు లెక్కపెట్టారు. ముందుగా అప్పలకొండ తేరుకున్నాడు. "చూశావా పైడీ? ఆడాళ్ళు ఒక్కణ్ణి కని పదేళ్ళు చెప్పుకుంటారు. మగాడు ముగ్గుర్ని కన్నాడు, కిక్కురుమన్నాడా?"

"అది ఆడదయ్యా!"

"మీసాలున్నదాన్ని ఆడదంటావేటి?"

ఆడది కంటే వార్త కాదు, మగాడు కంటే ఊరంతా తెలియాలి. పెదనాయుడికి దండ వేశారు. దండ తినేశాడు. బాలింత మగాడికి బలం కావాలని, మిగిలిన తోటకూర వేళ్ళతో సహా పీకి బోనులో పోశారు. పైడితల్లి వచ్చి చూసేసరికి పెరట్లో మట్టి తప్ప ఏమీ లేదు.

ఆవిడ బోను తలుపు తీసింది. ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి, పొట్టకింద చూసి, అన్నం వార్చేంత సేపట్లో ఆడవాటిని వేరుచేసింది. పిల్లల్నీ ఆడవాటినీ డాక్టరమ్మకి ఇచ్చేసి వచ్చి, మళ్ళు తవ్వి కొత్త విత్తనాలు చల్లింది.

"మొక్క లేచేదాకా ఇంట్లో కూర లేదు, ఉప్పూ గంజే. కూర కావాలంటే లేచి నీళ్ళు పొయ్యండి" అంది.

అన్నదమ్ములు లేవలేదు. మగవాళ్ళు కనే రోజులొచ్చాయని, తమ వంతు ఎప్పుడొస్తుందో తెలియదని, ముందుజాగ్రత్తగా చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డలు కట్టుకుని వరసగా మంచాలెక్కారు.

"వదినా, మేం చన్నీళ్ళు ముట్టకూడదు" అన్నాడు సింహాద్రి దుప్పట్లోంచి.

మూడు రోజులు గంజి తాగారు. నాలుగో రోజు సన్నిబాబు పొట్ట గుడగుడలాడింది. వాడు కెవ్వుమన్నాడు. "అన్నయ్యా! కదిలింది!"

"సింహాద్రీ, పరిగెత్తరా! మంత్రసానిని తీసుకురా!" అన్నాడు అప్పలకొండ.

"నేనెలా పరిగెత్తేది అన్నయ్యా?" అని సింహాద్రి రెండు చేతులతో పొట్ట పట్టుకుని మూలిగాడు. "నాకు కవలలు!"